తేనె యంత్రం అందరిది - తొందర ఎవరికీ వద్దు

(పాల సంఘ సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



రెండు మూడు పెట్టెలలో పుట్టతేనెటీగలను పెంచుకునే సభ్యులు ఎవరికివారు తేనె తీసే యంత్రం కొననవసరం లేదు. సంఘానికి ఒకటుంటే వంతులవారీగా వాడుకోవచ్చును. అయితే దానిని ఎప్పుడు, ఎలా తిప్పాలో ప్రతి సభ్యునికీ తెలిసి ఉండాలి.

పాలనుండి మీగడను వేరుచేసే యంత్రం మీరెరిగినదే. ఇదీ అలా తిరుగుడు బలంతోనే పనిచేస్తుంది. 1865లో హ్రుష్కా అనే ఆస్ట్రియా సైనికాధికారి దీనిని కనిపెట్టాడు. పట్టును చేత్తో పిండితే మైనం, పుప్పొడి, తేనె కలిసిపోతాయి. యంత్రంలో తేనె మాత్రమే బయటికి వస్తుంది, పట్టు నిలుస్తుంది. ఆ పట్టును తిరిగి పెట్టెలో ఉంచితే ఈగలకు కొత్త పట్టు కట్టే శ్రమ తప్పుతుంది.

పై అరలోని చట్రాలే తీయాలి. పిల్లలుండే కింది అర జోలికి పోరాదు. చట్రంలో నాలుగింట మూడు వంతుల గదులకైనా మైనపు మూత పడి ఉండాలి. వేడినీటిలో ముంచి తుడిచిన కత్తితో ఆ మూతలు కోయాలి. సమాన బరువున్న చట్రాలను ఎదురెదురుగా పెట్టి మెల్లగా తిప్పాలి. ఒకవైపు సగం తేనె రాగానే చట్రాన్ని మరల్చి, రెండోవైపు పూర్తిగా తీసి, మళ్లీ మొదటివైపు ముగించాలి. మొదటనే వేగం పెంచితే పట్టు విరుగుతుంది. ఈ పనంతా తలుపులు మూసిన గదిలో చేయాలి. లేకుంటే ఈగలు దోపిడికి వచ్చిపడతాయి.

ఇక అసలు సంగతి. "ఇవాళ నా వంతు, మళ్లీ ఎప్పుడు దొరుకునో" అని మూతపడని పట్టును తిప్పేవారుంటారు. ఆ పచ్చి తేనెలో నీరెక్కువ. నీరు 20 శాతం మించిన తేనె పులిసిపోవచ్చు. ఒకరి నీళ్లపాలు క్యానునంతా చెడగొట్టినట్లే, ఒకరి పచ్చి తేనె సంఘం డబ్బానంతా చెడగొడుతుంది.

కనుక నా సలహా ఇది. యంత్రం ఇచ్చేముందు మరో సభ్యుడు వెళ్లి పట్టు చూడాలి. పండకుంటే వంతు రద్దు కారాదు, వారం వెనక్కు జరగాలి. ఎవరి తేనె వారి పేరుతో విడిగా ఉంచి, నీటి శాతం చూశాకే కలపాలి. వాడినవారు యంత్రాన్ని కడిగి, తడి లేకుండా ఆరబెట్టి అప్పగించాలి.

పాల క్యానుతో నేర్చిన క్రమశిక్షణే తేనె డబ్బాకూ చాలు.