ఇటలీ కొండయూళ్లలో కారు ప్రయాణము

ఇటలీదేశపు పటము ముందు పెట్టుకొని, రోమునకును ఫ్లోరెన్సునకును నడుమనున్న సీమను చూచినవారి కెల్ల నొక యాశ పుట్టును. ఓర్వియేతో, అస్సీసి, పెరూజా, కొర్తోనా, మొంతెపుల్చానో, పియెంజా, సియెనా, సాన్ జిమిన్యానో, వొల్తెర్రా: పేరుపడిన యూళ్లన్నియు బెత్తెడు స్థలములో గ్రుచ్చిన ముత్యములవలె కనబడును. ఒక కారు అద్దెకు తీసికొన్నచో దినమునకు మూడేసి యూళ్ల చొప్పున వారములో నన్నిటిని ముగింపవచ్చునని తోచును. పటము అబద్ధమాడదు. కాని కొండ యెత్తును, దారి మలుపును, కారు నిలుపుటకు చోటు దొరకునో లేదో యను సంగతిని అది చెప్పదు. అట్టి ప్రయాణమునకు నడువదగిన పథకమును వేసికొనుట యెట్లో నేడు మీకు విన్నవింప దలచితిని.

ఈ యూళ్లు కొండకొమ్ములపై వెలయుటకు కారణములు కలవు. పూర్వము శత్రుభయ మొకటి, పల్లములలోని బురదనేలల వలన గలిగెడి మలేరియా యొకటి. కియానా లోయ యంతయు నొకప్పుడు చిత్తడినేల. దానిని పూర్తిగ నెండగట్టుటకు పందొమ్మిదవ శతాబ్దము రావలసి వచ్చెను. కావున ఒక యూరి కోటగోడమీద నిలిచి చూచిన రెండవ యూరు చేతికందునట్లుండును. పోవలెనన్న కొండ దిగి, లోయ దాటి, మఱల కొండ యెక్కవలెను. దోర్నాలనుండి శ్రీశైలమునకు బస్సులో పోయినవారికి ఆ కిలోమీటరులకును మైదానపు కిలోమీటరులకును గల భేదము నేను చెప్ప నక్కఱలేదు.

మా యల్లుడు హైదరాబాదులో నుద్యోగి. పది రాత్రులకు సరిపడు సెలవు సంపాదించి, మా దంపతులను గూడ వెంట తీసికొనిపోవ సంకల్పించి, పదునాలుగు స్థలముల పట్టిక వ్రాసి నాకు చూపెను. రోము మొదలుకొని వెనీసు వఱకు. నడుమ పీసాయు, సముద్రతీరమున చింక్వె తెర్రెయు గూడ కలవు. అందు అస్సీసికి లభించినది రెండు గంటలు. నా భార్య బాల్యమున మిషను పాఠశాలలో చదివినది. అచ్చటి గోడమీద, పక్షులకు బోధచేయుచున్న ఫ్రాన్సిసు మహాత్ముని పటమొకటి యుండెడిదట. ఆ బొమ్మ మూలము ఏ యూర నున్నదో యా యూరు చూడవలెనని యామెకు చిరకాలముగా నున్న కోరిక. ఇప్పుడామెకు మోకాళ్లనొప్పి. మెట్లు దిగునప్పుడు ప్రక్కవారి భుజము పట్టుకొనవలెను. అస్సీసి యన్ననో ఈ కొసనుండి ఆ కొసవఱకు మిట్టపల్లములే. కారు నిలిపి, నడచి, చూచి, తిరిగి వచ్చుటకు రెండు గంటలు మా యల్లునికి చాలును, ఆమెకు చాలవు.

“మామయ్యగారూ, అంతదూరము పోయి, ఇన్ని చూడకుండ వచ్చెదమా?” అని యతడనెను. మాటలో న్యాయము లేకపోలేదు, ఖర్చును అతనిదే. అయినను ముప్పదియైదేండ్లు బడిపిల్లల కాగితములు దిద్దిన చేయి యూరకుండునా? ఎఱ్ఱసిరా కలము తీసికొంటిని.

మేము మొదట చేసినపని ఊళ్లను లెక్కించుట మాని రాత్రులను లెక్కించుట. బస మార్చిన ప్రతిదినము సగము పోవును. పెట్టెలు సర్దుట, బాకీ తీర్చుట, దారి వెదకుట, క్రొత్తయూర కారు నిలుపుట, పెట్టెలు మోసికొని రాతిబాటమీద నెక్కుట, వీనికే మధ్యాహ్నమగును. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి కాశికిపోయి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. వారు తమ కాశీయాత్రాచరిత్రలో మజిలీమజిలీకిని దూరముతోపాటు బాట యెట్టిది, దిగుటకు వసతి కలదా యను సంగతులు వ్రాసికొనిరి. మోటారు కాలమున మనము దూరమును మాత్రము నిలుపుకొని తక్కినవానిని మఱచితిమి. పది రాత్రులకు నాలుగు మజిలీలు చాలునని నేను నిశ్చయించితిని: రోమున మూడు, అస్సీసిలో రెండు, పియెంజా ప్రాంతమున మూడు, ఫ్లోరెన్సున రెండు. వెనీసు, పీసా, చింక్వె తెర్రె, వొల్తెర్రా, పెరూజా, కొర్తోనా కొట్టివేయబడినవి. చింక్వె తెర్రెకు కారు అడ్డమే. అది రైలులో పోవలసిన చోటు. వెనీసులో కారు నడుచు వీధియే లేదు.

రెండవది కాలపు లెక్క. ఫోనులోని పటము చెప్పు కాలము రాజమార్గముమీద నించుమించు నిజమే. అచ్చట గంటకు 130 కిలోమీటరులవఱకు పోనిత్తురు, వానలో 110. కొండదారిలో పలకమీద 90 అని యున్నను మలుపులలో నలువదియే గగనము. కావున కొండదారికి, ఫోను చెప్పినదానికి సగము చేర్చితిమి. అదిగాక, ఊరివెలుపల కారు నిలిపి, రుసుము చెల్లించి, ద్వారమువఱకు ఎక్కుటకు అరగంట. భోజనశాలలు చాలచోట్ల మధ్యాహ్నము రెండున్నరకు పొయ్యి యార్పి మఱల ఏడుగంటలకు గాని తెఱవవు. చిన్న దేవాలయములును మధ్యాహ్నము మూయుదురు. మూడుగంటలకు ఆకలితో ఊరు చేరినవానికి అన్నమును దొరకదు, దర్శనమును దొరకదు. ఉదయ మొకయూరు, సాయంత్ర మొకయూరు, నడుమ భోజనము: ఇంతకుమించి యే దినమునందును వ్రాయలేదు. అక్కడి రొట్టెలో ఉప్పు వేయరు. మా ఆవకాయ సీసా యందువలన మిక్కిలి యుపకరించినది.

మూడవది, నగరములలో కారు వలదు. ఇటలీ పాతపట్టణములలో చాలవానికి జెడ్.టి.ఎల్. అను హద్దు కలదు. ఆ హద్దులోపలికి అనుమతిలేని బండ్లు పోరాదు. గుండ్రని తెల్లపలక, చుట్టు ఎఱ్ఱని వలయము దాని గుర్తు. దానితో “వార్కో అత్తీవో” అని వెలిగినచో దారి తెఱచియున్నదని భ్రమపడరాదు. కాపలా కెమేరా పనిచేయుచున్నదని దాని యర్థము. పోలీసువాడు కనబడడు, ఎవరును ఆపరు. కెమేరా బండి సంఖ్యను చదువును. జరిమానా ఎనుబదికి పైగా యూరోలు. విదేశీయులకు తాఖీదు పంపుటకు 360 దినముల గడువు గలదు. నే నెఱిగిన యొక కుటుంబమువారు ఇంటికి వచ్చి ఆఱునెలలు గడచి ప్రయాణమును మఱచిన పిమ్మట మూడు తాఖీదు లందుకొనిరి. అద్దెకిచ్చినవారు వీరి చిరునామా తెలిపినందుకు వేఱుగ రుసుము తీసికొనిరి. బస హద్దులోపల నున్నచో, బండి సంఖ్యను ముందుగనే నమోదుచేయింపుడని బసవారిని కోరవలెను.

కావున రోమున మూడురాత్రులు కాలినడకను, బస్సులను నమ్ముకొని, నాలుగవనాటి యుదయము రైలులో ఓర్వియేతో చేరి, స్టేషనువద్ద కారు తీసికొంటిమి. చిన్నయూళ్లలో నీ కార్యాలయములు మధ్యాహ్నమును, ఆదివారమును మూయుదురు. ఆ వేళలు ముందుగా తెలిసికొనవలెను. ఓర్వియేతోలో స్టేషనునుండి కొండమీదికి త్రాటిబండి కలదు. 1527లో రోము దోపిడికి గుఱియైనపుడు ఏడవ క్లెమెంటు పోపు ఇచ్చటికి పారిపోయి వచ్చి, ముట్టడిలో నీటికి కఱవు రాకుండ నొక బావి త్రవ్వించెను. అందు ఒకదానినొకటి తగులని రెండు మెట్లబాటలు. ఒక్కొక్కదానికి 248 మెట్లు. నీళ్లకు దిగు కంచరగాడిదకు ఎక్కు కంచరగాడిద ఎదురుపడదు. ఆ సూక్ష్మము నేటి బండ్లబాటలు వేయువారు నేర్చుకొనవలసినదే. నా భార్య పైనుండి తొంగిచూచి, దిగుటకు మమ్ము పంపినది.

అచ్చటినుండి తోదీమీదుగా అస్సీసికి సుమారు 90 కిలోమీటరులు. బసను ఫ్రాన్సిసు దేవాలయమునకు దగ్గఱగా, ఊరి క్రిందికొసన తీసికొంటిమి; ఎత్తున నున్న బసలు కొంత చవుకగా దొరకినను వలదంటిని. మఱునాడు తెల్లవాఱినంతనే, యాత్రికుల బస్సులు రాకముందే, ఆమెను తోడ్కొని పోతిని. పై దేవాలయపు గోడలమీద ఆ మహాత్ముని చరిత్ర 28 చిత్రములుగా నున్నది. అవి జొత్తో చిత్రించినవని యనువారును, కాదనువారును కలరు. 1997 సెప్టెంబరు 26న వచ్చిన భూకంపమున కప్పు కూలి నలుగురు మరణించిరి; రెండేండ్లలో బాగుచేసి మఱల తెఱచిరి. పక్షులబొమ్మ తలుపువద్దనే యున్నది. నేను తక్కిన ఇరువదియేడింటిని చుట్టివచ్చి చూచునప్పటికిని ఆమె యచ్చటనే నిలిచియున్నది. “మా బడిలోని పటములో ఇన్ని పిట్టలు లేవు” అని యనినది. పిమ్మట క్రింది దేవాలయమున బల్లమీద చాలసేపు కూర్చుంటిమి. మధ్యాహ్నము అల్లుడును అమ్మాయియు పైయూరు చూచుటకు పోయిరి. ఆమె కది యక్కఱలేకపోయినది. మఱునాటి యుదయము మఱల నొకమారు పోయి చూచి వచ్చితిమి.

పియెంజాకు త్రాసిమేనో చెఱువు ప్రక్కగా పోవలెను. క్రీస్తుకు పూర్వము 217లో హానిబాలు రోమను సేనను చుట్టుముట్టినది ఆ గట్టుననే. పియెంజా చిన్నయూరు. రెండవ పీయుసు పోపు తాను పుట్టిన పల్లెను 1459 మొదలు మూడునాలుగేండ్లలో పట్టణముగ తీర్పించెను. నేల సమము గనుక మోకాళ్లకు హాయి. మొంతెపుల్చానో కూతవేటు దూరము, కాని యూరంతయు నిట్టనిలువు, అదియును అల్లునిపాలు. ఒకదినము సియెనాకు పోయితిమి. రానుపోను నూఱు కిలోమీటరులకు పైబడును. ఆ నగరము 1960ల నాడే నడియూరిలోనికి బండ్లను మాన్పినది. కారు వెలుపల నిలిపిన, కదలుమెట్లు పైకి చేర్చును. పురమందిరములో లొరెంజెత్తి 1338-39 ప్రాంతమున చిత్రించిన సుపరిపాలన, దుష్పరిపాలన చిత్రములకే ఒకపూట కావలెను. జూలై 2న, ఆగస్టు 16న గుఱ్ఱపుపందెము జరుగును. పందెము చూచువారు తప్ప తక్కినవారు ఆ దినములలో నటు పోకుండుట మేలు.

సాన్ జిమిన్యానో గోపురములు చూడవలెనని అల్లుని పట్టు. ఒకప్పుడు డెబ్బదికి పైగా నుండెడివట. నేడు నిలిచినవి పదునాలుగు. ఫ్లోరెన్సునకు పోవు దినమున దారి కొంచెము వంచి అచ్చట భోజనము చేసితిమి. పిమ్మట ఫ్లోరెన్సు నగరములోనికి కారు తేకుండ, వెలుపలి విమానాశ్రయమున నప్పగించి, 2019 నుండి నడచుచున్న ట్రాముబండిలో ఊరు చేరితిమి.

కాగితముల సంగతి. మన యనుజ్ఞాపత్రముతోపాటు రవాణా కార్యాలయమువా రిచ్చు అంతర్జాతీయ పత్రమును కావలెను. నడుపువాని పేరిట క్రెడిట్ కార్డు ఉండవలెను. గేరు మార్పనక్కఱలేని బండి కావలెనన్న ముందే చెప్పవలెను. అచ్చట కుడిప్రక్కను నడుపుట క్రొత్త, ఎడమచేతికి బదులు కుడిచేత గేరు వేయుట మఱియు క్రొత్త. నీలిగీతలలో నిలిపిన రుసుము, తెల్లగీతలలో సామాన్యముగా ఉచితము, పసుపుగీతలు ఇతరులకు ప్రత్యేకింపబడినవి. రాజమార్గపు సుంకముల ద్వారమున “తెలెపాస్” అని మాత్రమే వ్రాసిన వరుసలోనికి పోరాదు.

ఏడు రాత్రులే యున్నవారు రోమును మఱియొకమారునకు విడిచి, ఫ్లోరెన్సున దిగి అచ్చట రెండు, పియెంజా ప్రాంతమున మూడు, అస్సీసిలో రెండు రాత్రులు గడపి, కారును రోము విమానాశ్రయమున నప్పగింపవచ్చును. అస్సీసినుండి అది రెండువందల కిలోమీటరులు. విమానము మధ్యాహ్నము మూడుగంటలకు ముందు బయలుదేరునది కాకుండ చూచుకొనవలెను.