ఇంటి గంజు



మన నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమలలో పండుగనాటి మేకకాళ్ళ పులుసునకైనను, నిత్యపు చారునకైనను పొయ్యి కెక్కునది గంజు. దానిని కొనునపుడు మెరుపు గాక అడుగు చూడవలెను. అడుగు మందమైనచో సన్నని సెగపై గంటల తరబడి కాగినను ఎముకల రసము మాడదు.

ఇత్తడి గంజునకు కళాయియే ప్రాణము. చింతపండు పులుపు ఒట్టి ఇత్తడికి తగిలినచో రాగి కరగి పులుసులో చేరును. వాంతులు, కడుపునొప్పి కలుగును. లోపలి తెల్లని పూత అరిగి పసుపువన్నె తొంగిచూచిననాడే కళాయి వేయింపుడు. కళాయివారు నేడు అరుదు. దొరకనిచో పులుసునకు స్టెయిన్‌లెస్ స్టీలు గంజు వాడుడు. కళాయిపూతను ఇసుకతో రుద్దరాదు. ఉత్త గంజును సెగపై నుంచరాదు; ఆ పూత తగరము, 232 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే కరగును. అల్యూమినియపు గంజులో పులుసు నిలువ యుంచరాదు.

మరియొక మాట మన జిల్లాలకు ముఖ్యము. ఫ్లోరైడు గల బోరునీటిని మరిగించినచో సూక్ష్మజీవులు నశించును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరిన కొలది అది గాఢమగును. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఎంత మంచి గంజైనను నీటి దోషమును తీర్చజాలదు. కావున దీర్ఘకాలము కాచు రసమునకు శుద్ధిచేసిన నదీజలమునే పోయుడు.

వంట ముగిసినపిదప రసమును వేరుపాత్రలోనికి తీసి, గంజును కడిగి, తుడిచి బోర్లింపుడు. అట్లు చూచుకొన్న గంజు తల్లినుండి కూతునకు సంక్రమించును.