పాత ట్రాక్టరునందు ఛార్జింగు చెడినపుడు పరీక్షించి బాగుచేసికొను విధము
(రైతుల సభలో చదువబడిన ఉపన్యాసము)



తొలకరి కురిసి పదును కుదిరిన వేకువను ట్రాక్టరు తాళము త్రిప్పగా "టక్కు" మను శబ్దము మాత్రమే వినవచ్చి ఇంజను కదలకుండుట మీలో పలువురకు అనుభవమే. అపుడు పదిమందిని పిలిచి త్రోయింతురు. లేదా చెరువుకట్టమీదినుండి దొర్లింతురు. తుదకు పట్నమునకు బోయి క్రొత్త బాటరీ కొనితెత్తురు. అదియు నెల తిరుగకమునుపే పాతదాని మార్గమునే పట్టును. వరవకాలువ పూడిన చెరువునకు కట్ట యెంత యెత్తు వేసినను నీరు చేరదు గదా! దోషము బాటరీలో గాక దానిని నింపు సాధనములో నుండుట తరుచు.

నేను చెప్పబోవునది 1957 మొదలు ఇంగ్లండునందలి కోవెంట్రీలో తయారైన మాసీ ఫెర్గూసను 35 వంటి పాత యంత్రములను గూర్చినది. 1960లో మద్రాసునందు టాఫే కంపెనీ నెలకొన్న పిమ్మట ఈ వంశపు ట్రాక్టర్లు మన దేశముననే తయారగుచు వచ్చినవి. పాతవానిలో ఆల్టర్నేటరునకు బదులు డైనమో యుండును. తర్జుమా చేయుట నా వృత్తియే యైనను ఈ పరికరములకు సంస్కృత నామములు కల్పింపలేదు. మెకానిక్కు నోట నున్న మాటయే మీకు అక్కరకు వచ్చును.

అన్నిటికంటె ముందు ప్రాణభయము గల సంగతి యొకటి మనవి చేసెదను. బాటరీ నీరసించినపుడు కొందరు నేలమీద నిలువబడి, వెనుకచక్రమునకు ముందు వంగి, స్టార్టరు మొలలు రెంటిని స్క్రూడ్రైవరుతో కలుపుదురు. గేరు పడియున్నచో ఇంజను రగులుకొనగనే బండి ముందునకు దూకి ఆ చక్రమే మనిషిపై నెక్కును. తప్పుకొనుటకు వ్యవధి యుండదు. ఎంత తొందరపని యైనను ఇట్లు చేయకూడదు, పాలేరుచేత చేయింపను కూడదు. మరియు ఛార్జింగు జరుగు బాటరీనుండి వెడలు వాయువు నిప్పురవ్వకు ప్రేలును గనుక దాని చెంత బీడీ గాని చుట్ట గాని కూడదు.

ఇక పరీక్ష. ఇంజను ఆపి కొన్ని గంటలైన పిదప, నిండుగా నున్న 12 ఓల్టుల బాటరీ సుమారు 12.6 ఓల్టులు చూపును. ఇంజను మధ్యరకపు వేగమున నడుచునపుడు అది 13.5కు పైగా ఎక్కినచో ఛార్జింగు సాగుచున్నదనియే యర్థము. ఎక్కనిచో ముందు బెల్టు చూడుడు. బొటనవ్రేలితో నొక్కగా అరయంగుళము లోనికి పోవలెను. పిమ్మట బాటరీ మొలలపై పట్టిన తెల్లని చిలుమును, ఎర్తుతీగ ఇనుమును తాకుచోట నున్న రంగును తుప్పును గీకివేయుడు. సగము రోగము లిచ్చటనే కుదురును.

అప్పటికిని ఫలము లేనిచో డైనమోనే విడిగా పరీక్షింపవలెను. దానిమీది రెండు తీగలను ఊడదీయుడు. పెద్ద మొల "డి", చిన్నది "ఎఫ్". ఈ రెంటిని పొట్టి రాగితీగతో కలిపి, ఓల్టుమీటరు ఒక కొనను ఆ తీగకును, రెండవకొనను డైనమోయొక్క శుభ్రమైన లోహమునకును ఆనించి, ఇంజను వేగమును మెల్లగా హెచ్చింపుడు. ముల్లు తడబడక 20 ఓల్టుల వరకు లేవవలెను. అచ్చట ఆపుడు, అంతకు మించి పరుగెత్తించినచో చుట్టలు చెడును. 20 వచ్చినచో డైనమో నిర్దోషి. తీగలను, కంట్రోలు పెట్టెను శోధింపవలెను. ముల్లు బొత్తిగా కదలనిచో బ్రష్షులు తాకుటలేదు. అర మొదలు ఒక ఓల్టు వద్ద నిలిచినచో ఇనుమున మిగిలిన అయస్కాంతశక్తి మాత్రమే పనిచేయుచున్నది, ఫీల్డు చుట్ట తెగినదన్నమాట. నాలుగైదు ఓల్టుల వద్ద నిలిచినచో ఆర్మేచరు చుట్ట కాలియుండును. మెకానిక్కు ఏది మార్చవలెనని చెప్పినను ఈ పరీక్ష మీ కన్నులయెదుట చేయించి పిమ్మట డబ్బిండు.

డైనమో విప్పిన పిదప బ్రష్షులు అరిగి పొట్టివైనచో మార్చుడు. కమ్యుటేటరును పెట్రోలుగుడ్డతో తుడిచి, మిగిలిన మకిలిని సన్నని గాజుపొడి కాగితముతో తీయుడు. ఎమరీ కాగితము వాడకూడదు. దాని పొడి రాగిముక్కల నడుమ చిక్కి చెరుపుచేయును. రాగి అరిగి అభ్రకము పైకి లేచియున్నచో అంగుళములో 32వ వంతు లోతున దానిని గీయవలెను. రంపపు బ్లేడు ముక్కను ఆ సందుకు సరిపడ నూరి వాడుదురు. వెనుకటి కంచు బుష్షు మార్చునపుడు దానిని 24 గంటలు పలుచని ఇంజనునూనెలో నానవేయవలెను. ఆ కంచు సూక్ష్మరంధ్రములు గలది; నానకున్న త్వరలో పట్టివేయును. మన దుకాణములలో ఎక్కువగా ఎగవేయు పని ఇదియే.

తిరిగి బిగించిన పిదప, ఎఫ్ తీగ తగిలింపకమునుపే, బాటరీయొక్క ఎర్తుకాని మొలనుండి ఒక తీగ తెచ్చి డైనమో ఎఫ్ మొలకు క్షణమాత్రము తాకింపుడు. దీనివలన ధ్రువము సరిపడును. పాత ట్రాక్టర్లు కొన్నిటిలో పాజిటివు, కొన్నిటిలో నెగెటివు ఎర్తుగా నుండును గనుక ముందుగా చూచుకొనుడు.

కంట్రోలు పెట్టెలోని కటౌటు 12.7 మొదలు 13.3 ఓల్టుల లోపల కలిసికొనవలెను. దాని ముక్కులు అతుకుకొనిపోయినచో ఇంజను ఆగియున్నను బాటరీశక్తి డైనమోలోనికి వెనుకకు పారి అది కాలిపోవును. వెంటనే బాటరీతీగ తీయుడు. మంచి మీటరు లేక ఆ పెట్టెలోని మరలు త్రిప్పువానిని దగ్గరకు రానీయకుడు.

డైనమో తీసి ఆల్టర్నేటరు పెట్టించుకొనువారును గలరు. తక్కువ వేగమునందే అది ఎక్కువ కరెంటు నిచ్చును గనుక రాత్రి దీపములతో దున్నువారికి మేలే. కాని ధ్రువము తారుమారైనచో డయోడులు తత్‌క్షణమే కాలును. ఇంజను నడుచుచుండగా బాటరీతీగ తీయరాదు. వెల్డింగునకు ముందు తీగలు విడదీయవలెను. పాత డైనమో సుమారు 20 ఆంపియర్లు మాత్రమే ఇచ్చునది. ఆ లెక్కకు వేసిన పాత సన్నతీగనే దీనికి వాడనీయకుడు. అది వేడెక్కి కరగుచోటికి డీజిలు గొట్టము జానెడు దూరమున నుండును.