తేనెటీగల పెట్టెలు: మొదటి సంవత్సరమున రైతు ఆశింపదగిన ఫలము



జనవరి నెలారంభమున నాంపల్లి మైదానమున నుమాయిషు ప్రారంభమగుట వాడుక. 1938లో బాగె ఆంలో మొదలైన ఈ ప్రదర్శనము 1946లో ఇప్పటి స్థలమునకు మారినది. పల్లెనుండి వచ్చిన రైతు అచ్చట దినమంతయు తిరిగి, సాయంకాలము ఆబిడ్సు అంగళ్ళలో తేనె సీసాల ధర విచారించును. నాంపల్లి స్టేషనులో రైలెక్కు లోపల మనస్సులో నొక లెక్క వేసికొనును: పెట్టెకు పది కిలోలు, పెట్టెలు పది, మొత్తము నూరు కిలోలు, కిలో ఇంత. ఈ లెక్కలో గుణకారము తప్పు కాదు. మొదటి అంకెయే తప్పు. పుట్టతేనెటీగల క్రొత్త పెట్టె మొదటి యేట ఒకటి రెండు కిలోలు ఇచ్చినను, అసలే ఇయ్యకున్నను, సంవత్సరాంతమున ఈగలతో నిండి నిలిచియున్న యెడల ఆ రైతు నష్టపడలేదని తెలియవలెను.

నాంపల్లి ప్రాంతమున ఎత్తైన మేడలకు వ్రేలాడు పెద్ద పట్టులను చూచి, ఆ ఈగలనే పెట్టెలో పెట్టరాదా యని కొందరడుగుదురు. ఆ పెద్ద ఈగ వెలుతురున ఒంటిపట్టు కట్టునది, పెట్టెలో నిలువదు. పొదలలో చిన్న పట్టు కట్టు ఈగయు నట్టిదే. చీకటి తొర్రలలోను పుట్టలలోను వరుసగా పెక్కు పట్టులు కట్టు జాతులే పెట్టెకు తగినవి. వానిలో మన పుట్టతేనెటీగ యొకటి. 1962లో నాటి పంజాబులోని నగ్రోటాలో నిలద్రొక్కుకొనిన ఇటలీ ఈగ రెండవది. ఇటలీ ఈగ పెట్టెకు ఇరువది ముప్పది కిలోలు ఇచ్చుట కలదు. కాని ఆ యంకె పూలను వెదకుచు పెట్టెలను జిల్లాలు దాటించువారిది, ఒకే పొలమున ఉంచువానిది కాదు. పుట్టతేనెటీగ తక్కువ ఇచ్చును, తక్కువ మేతతో బ్రతుకును. అయితే బాధ కలిగిన పెట్టె విడిచి పోవు గుణము దానికి మెండు. 1991 ప్రాంతమున దక్షిణదేశమున పిల్లపురుగులను చంపు థాయి వైరసు తెగులు సోకి ఈ జాతి గూళ్ళు విస్తారముగా నశించినవి. కాబట్టి ఈగలను కొనునపుడు పిల్లల గదులను స్వయముగా చూచి, తెగులు లేదని నమ్మకము కలిగిన చోటనే కొనవలెను.

పెట్టెలో క్రింది అర పిల్లలది, పై అర తేనెది. చట్రముల నడుమ ఈగ నడచునంత సందు మాత్రమే యుండవలెను. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ దొర ఈ సందు విలువ గుర్తించుటచేతనే పైకి తీయుటకు వీలైన చట్రముల పెట్టె ఏర్పడినది. సందు హెచ్చినచో ఈగలు అడ్డపట్టులు కట్టును. తగ్గినచో జిగురుతో మూసివేయును. కొలత తప్పిన పెట్టె ఎంత చౌకయైనను కొనదగదు.

మొదటి యేట తేనె యేల రాదు? ఒక కిలో మైనము చేయుటకు ఈగలు సుమారు ఆరు మొదలు ఎనిమిది కిలోల తేనె తినవలసియుండును. క్రొత్త పెట్టెలో చట్రములు ఖాళీగా నుండును గనుక, వచ్చిన మకరందములో పెద్దపాలు గదులు కట్టుటకును పిల్లలను సాకుటకును పోవును. యంత్రములో త్రిప్పి తేనె తీసి, పట్టును చెడగొట్టక మరల పెట్టెలో ఉంచినచో రెండవ యేట ఆ శ్రమ తప్పును. పట్టును పిండి తేనె తీయువానికి ప్రతి సంవత్సరమును మొదటి సంవత్సరమే.

తెలంగాణ మెట్టలలో వానలు వెనుకబట్టిన అక్టోబరు, నవంబరు నెలలు ఆరంభమునకు అనుకూలము. కుంకుడు, పొద్దుతిరుగుడు, ధనియాలు, పిమ్మట మామిడి, వేప, కానుగ, చింత వరుసగా పూచును. వానకాలమున పూత సన్నగిల్లును. పూసినను వాన ఈగను బయటికి పోనీయదు. మే నెలలో కనబడిన తేనెనంతయు తీసికొనిన పెట్టె ఆగస్టులో ఖాళీయగుటకు కారణమిదియే. ఈగలను ఎవరును దొంగిలింపలేదు, ఆకలికి లేచిపోయినవి. క్రింది అరలోని తేనె రైతుది కాదు. పై అరలో నాలుగింట మూడు వంతులకు మైనపు మూత పడిన చట్రములనే తీయవలెను. వానిలోను కొన్ని విడువవలెను. వానకాలమున పెట్టెను ఒక ప్రక్క ఎత్తి చూడగా తేలికగా నున్నచో, పంచదార, నీరు సమముగా కలిపిన పానకమును సాయంకాలమున పెట్టె లోపల ఉంచవలెను. బయట ఒలికినచో పరాయి ఈగలు దోపిడికి వచ్చును. బల్ల కాళ్ళను నీటి గిన్నెలలో నిలిపినచో చీమలు చేరవు. ఈగలు కప్పని పాతపట్టులను తీసివేయవలెను. లేనిచో మైనపు పురుగు పట్టును.

మొదటి యేట పెట్టెలు రెండుండవలెను. రాణి చచ్చిన పెట్టెకు రెండవదానినుండి క్రొత్త గ్రుడ్లున్న చట్రమొకటి మార్చినచో, ఈగలు వానినుండి రాణిని తయారు చేసికొనును. ఒక్క పెట్టె గలవానికి ఈ దారి లేదు. పది పెట్టెలు గల క్రొత్తవానికి వానిని వారమున కొకసారి తెరచి చూచుటకు తీరిక యుండదు.

తేనె రాని యేట సైతము పొలమునకు లాభము కలుగవచ్చును. పొద్దుతిరుగుడు, దోస, గుమ్మడి, విత్తనపు ఉల్లి మొదలగువానికి ఈగల రాకపోకలచే కాపు హెచ్చును. వరి, జొన్న, మొక్కజొన్న వేయువాడు ఈ లాభమును లెక్కలో చేర్చుకొనరాదు. వాని పుప్పొడిని గాలియే మోయును. పూతకాలమున పురుగుమందు చల్లకుండుట మేలు. తప్పనిసరియైనచో ఈగలు గూడు చేరిన సాయంకాలమున చల్లవలెను. ఇరుగుపొరుగు రైతులకును ముందే చెప్పవలెను. ఒక్క ఉదయపు మందు ఏడాది శ్రమను నేల రాల్చగలదు.

ఇక అమ్మకము. తేనెలో నీరు నూటికి ఇరువది పాళ్ళు మించినచో పులియును. మూత పడని చట్రముల తేనెకు ఈ దోషము తరచు. చలికాలమున తేనె పేరుకొనుట చూచి కొనువారు బెల్లపు పాకమని అనుమానింతురు. పేరుకొనుట స్వచ్ఛమైన తేనెకును సహజమే. నీటిలో చుక్క వేసి చూచుట, వత్తి ముంచి వెలిగించుట నమ్మదగిన పరీక్షలు కావు. సీసాను గోరువెచ్చని నీటిలో ఉంచినచో తేనె మరల కరగును. పొయ్యిమీద నేరుగా కాచరాదు, కాచినచో వాసనయు రంగును చెడును.