మూడో ఏడు పరదేశంలో



మనవరాలు అంతర్జాతీయ వ్యవహారాలు చదువుతానంటే మనకు ముందు ఐ.ఎఫ్.ఎస్. గుర్తుకొస్తుంది, వెంటనే కమ్యుటేషన్ సొమ్ము దాచిన పాసుపుస్తకం! మా పిల్ల కోరేది పారిస్‌లోని సియాన్స్ పో. 1870-71 యుద్ధంలో ఓడిన ఫ్రాన్సులో, పాలకులకు లోకజ్ఞానం నేర్పాలని ఎమిల్ బుట్మీ 1872లో స్థాపించిన సంస్థ. అక్కడ డిగ్రీ మూడేళ్లు, మూడో ఏడు విదేశంలో గడపడం తప్పనిసరి. బదిలీల మీద ఊళ్లు తిరిగిన మనకు ఆ ఏర్పాటు విలువ ఒకరు చెప్పాలా?

ఆ ఏడు భాగస్వామి విశ్వవిద్యాలయంలో చదివితే ఫీజు మాతృసంస్థకే కట్టాలి, అక్కడ మళ్లీ కట్టనక్కరలేదు. అద్దె, తిండి, విమానం, వీసా, బీమా మాత్రం మన నెత్తినే. అందుచేత పిల్లను వద్దనకండి, ఖర్చు కాగితం మీద వేయించండి. మా ఇంట్లో రెండుసార్లు వేయించాను. మొదటిసారి ఇంటి అడ్వాన్సు వదిలేసింది.