పదకొండు ఓట్లు: టిమ్ స్టీవెన్సన్ రాజకీయ జీవితం



ఈ ఉపన్యాసం ఏ మాస్టారి పేరిట జరుగుతోందో ఆయన రాజనీతిశాస్త్రం చెబుతూ పార్లమెంటును తొందరగా ముగించి, శాసనసభ దగ్గర ఎక్కువసేపు ఆగేవారు. అందుకే ప్రధానులనూ అధ్యక్షులనూ వదిలి, కెనడాలోని ఒక రాష్ట్రస్థాయి నాయకుణ్ణి ఎంచుకున్నాను. బ్రిటిష్ కొలంబియాకు చెందిన టిమ్ స్టీవెన్సన్ గే హక్కుల కోసం నిలబడిన పాస్టరు.

పాస్టరు అన్నానంటే నోరు జారి కాదు. ఆయన పోరాటం మొదలైంది తన క్రైస్తవ సంఘమైన యునైటెడ్ చర్చ్ ఆఫ్ కెనడాలోనే. అది 1925లో మెథడిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు, ప్రెస్బిటేరియన్లలో అధికభాగం కలిసి ఏర్పరచుకున్న సంఘం. మన చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.) 1947లో ఏర్పడిన తీరు కూడా ఇంచుమించు అదే. 1988 ఆగస్టులో విక్టోరియాలో జరిగిన మహాసభలో యునైటెడ్ చర్చ్, లైంగికత ఏదైనా సభ్యులెవరినైనా పాస్టరు పదవికి పరిశీలించవచ్చని తీర్మానించింది. దాంతో చాలామంది సంఘాన్ని విడిచిపోయారు. తీర్మానం కాగితం మీద ఉన్నంత మాత్రాన ఎవరికీ అభిషేకం జరిగిపోదు. తాను గే అని దాచకుండా చెప్పుకుంటూనే స్టీవెన్సన్ ఆ అభిషేకం పొందేసరికి 1992 వచ్చింది. కెనడాలోని ప్రధాన సంఘాల్లో అలా అభిషేకం పొందిన మొదటివాడు ఆయనే.

1996లో న్యూ డెమొక్రటిక్ పార్టీ (ఎన్.డి.పి.) తరఫున వాంకూవర్-బరార్డ్ నుంచి శాసనసభకు గెలిచారు. డేవీ వీధి, వెస్ట్ ఎండ్ ఉన్న నియోజకవర్గం అది. గేలు ఎక్కువగా స్థిరపడిన పేట. రాష్ట్రమంతటా చూస్తే ఆ ఎన్నికల్లో ఎన్.డి.పి.కి ప్రత్యర్థుల కన్నా ఓట్లు తక్కువ వచ్చాయి, సీట్లు మాత్రం ఎక్కువ వచ్చాయి. అలా దక్కిన అధికారంతో ఏం చేశారన్నదే నాకు ముఖ్యం.

కెనడా రాజ్యాంగం ప్రకారం వివాహార్హత, విడాకులు కేంద్రానివి. పెళ్లి తంతు, ఆస్తి, పౌర హక్కులు, బడి, ఆసుపత్రి రాష్ట్రాలవి. అంటే పెళ్లి చేసుకోవచ్చా లేదా అన్నది రాష్ట్రం చేతిలో లేదు. కానీ కలిసి బతుకుతున్న ఇద్దరు విడిపోతే భరణం ఎవరివ్వాలి, బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి అన్నవి రాష్ట్రం తేల్చాల్సినవే. బ్రిటిష్ కొలంబియా 1992లోనే తన మానవ హక్కుల చట్టంలో లైంగికతను చేర్చింది. 1996లో అమల్లోకి వచ్చిన చట్టంతో స్వలింగ జంటలకు దత్తత తీసుకునే వీలు కలిగింది. 1997లో భరణానికీ బిడ్డల సంరక్షణకూ సంబంధించిన కుటుంబ చట్టాన్ని ఆ జంటలకూ వర్తింపజేశారు. కెనడాలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రం అదే. అప్పటికి స్టీవెన్సన్ పాలకపక్ష సభ్యుడు. అటార్నీ జనరల్ మన పంజాబులో పుట్టిన ఉజ్జల్ దోసాంజ్. ఆ ఏడాదే అదే రాష్ట్రంలోని సర్రీ పాఠశాల బోర్డు, ఇద్దరు తల్లులో ఇద్దరు తండ్రులో ఉన్న కుటుంబాల కథలు చెప్పే మూడు పిల్లల పుస్తకాలను తరగతిలోకి రానివ్వనంది. ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2002లో బోర్డు నిర్ణయం రద్దయింది.

స్వలింగ వివాహం ఆ రాష్ట్రంలో 2003లో, అదీ కోర్టు తీర్పుతో, వచ్చింది. పత్రికలు పెళ్లి ఫొటోలు వేశాయి. భరణం చట్టానికి ఫొటో ఉండదు. కానీ ఇల్లు విడిచి వెళ్లాల్సి వచ్చిన మనిషికి ముందు అక్కరకొచ్చేది ఆ చట్టమే. పెళ్లి కన్నా ఆరేళ్లు ముందే ఆ రక్షణ అందడమే నా దృష్టిలో పెద్ద విజయం.

2000లో దోసాంజ్ ముఖ్యమంత్రి అయ్యారు. అక్కడ ప్రీమియర్ అంటారు. ఆ పదవికి వచ్చిన మొదటి భారత సంతతి వ్యక్తి ఆయన. అదే ఏడాది స్టీవెన్సన్‌ను ఉపాధి, పెట్టుబడుల మంత్రిని చేశారు. తాను గే అని బహిరంగంగా చెప్పుకున్నవారిలో కెనడాలో మంత్రి అయిన మొదటి వ్యక్తి స్టీవెన్సన్. ఆ పదవి ఏడాది కూడా నిలవలేదు. 2001లో 79 స్థానాల సభలో ఎన్.డి.పి.కి మిగిలినవి రెండే. వేగంగా నడిచే పడవల (ఫాస్ట్ ఫెర్రీల) మీద తగలేసిన కోట్ల డాలర్లు, పాలన మీద జనానికున్న విసుగు పార్టీని ముంచాయి తప్ప, స్టీవెన్సన్ లైంగికత కాదు. ఆయన్ను ఓడించిన లిబరల్ అభ్యర్థి లార్న్ మెయన్‌కోర్ట్ కూడా బాహాటంగా గేనే!

2005లో అదే స్థానంలో మళ్లీ ఆ ఇద్దరే ప్రధాన ప్రత్యర్థులు. స్టీవెన్సన్ పదకొండు ఓట్లతో ఓడిపోయారు. ఎవరిని ప్రేమిస్తున్నావన్న ప్రశ్న అక్కడ ఇద్దరి మధ్యా తేడా చూపలేదు. ఓటరు పన్నులనీ ఆసుపత్రులనీ పార్టీనీ చూసి తేల్చుకోవలసి వచ్చింది. ఉద్యమం ఫలించింది, ఉద్యమకారుడు ఓడాడు. రాజకీయాల్లో ఇలాంటి ఓటమి అందరికీ దొరకదు.

మధ్యలో 2002లో వాంకూవర్ నగర కౌన్సిల్‌కు ఎన్నికై, 2018 దాకా అక్కడే ఉన్నారు. ఆ కాలంలో చెప్పుకోదగ్గది ఒకటే, రష్యాలోని సోచీ ప్రయాణం. మైనర్లలో స్వలింగ సంబంధాల ‘ప్రచారాన్ని’ నిషేధిస్తూ రష్యా 2013లో చట్టం చేసింది. 2014 శీతాకాల ఒలింపిక్స్ అక్కడే జరిగాయి. 2010 క్రీడలు నిర్వహించిన నగరంగా వాంకూవర్ తన డిప్యూటీ మేయరు స్టీవెన్సన్‌ను సోచీకి పంపింది. ఆయన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీని రెండు కోరారు: ఒలింపిక్ నియమావళిలోని వివక్ష నిషేధంలో లైంగికతను చేర్చాలి, ఆతిథ్య నగరాలన్నిటిలో గే క్రీడాకారులకూ ప్రేక్షకులకూ ఆశ్రయంగా ‘ప్రైడ్ హౌస్’ తప్పనిసరి చేయాలి. మొదటిది 2014 డిసెంబరులో జరిగింది, రెండోది జరగలేదు. ఆ మొదటిది కూడా ఆయనొక్కరి ఘనత కాదు. క్రీడాకారులు, హక్కుల సంఘాలు అప్పటికే గట్టిగా ఒత్తిడి తెస్తున్నాయి.

ఇదంతా మనకెందుకని ముందు వరుసలో ఎవరో అడిగేలా ఉన్నారు. 2023 అక్టోబరులో మన సుప్రీంకోర్టు స్వలింగ వివాహానికి గుర్తింపు ఇవ్వడం చట్టసభల పని అని తేల్చింది. మన రాజ్యాంగంలో వివాహం, దత్తత ఉమ్మడి జాబితాలోవి. ప్రజారోగ్యం, ఆసుపత్రులు పూర్తిగా రాష్ట్రాలవి. ట్రాన్స్‌జెండర్లను నేరస్థుల్లా చూసిన నిజాం కాలపు చట్టాన్ని అదే ఏడాది తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. అన్నేళ్లు దాన్ని రద్దు చేసే అధికారం చేతిలో ఉండి కూడా శాసనసభ కదల్లేదు. ఆసుపత్రిలో ఉన్న మనిషి పక్కన ఎవరు ఉండవచ్చో, ఎవరి సంతకం చెల్లుతుందో తేల్చడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. ఈసారి మీ ఊళ్లో ఓటు అడగడానికి వచ్చిన ఎమ్మెల్యే అభ్యర్థిని, ఆ సంతకం గురించి ఏం చేస్తారో అడగండి.