మనుమరాలి న్యాయవిద్య

(ఏకాదశినాడు ఆలయ మండపంలో చేసిన ప్రసంగ పాఠం)



పొన్నూరు క్షేత్రంలో కొలువైన స్వామికి సాక్షి భావనారాయణుడని పేరు. ఆ పేరు ఎలా వచ్చినదో మీలో చాలామందికి తెలుసు. కాశీయాత్రలో తనకు సేవ చేసిన మేనల్లునికి తన కుమార్తెనిచ్చి వివాహం చేస్తానని ఒక మామ స్వామి సన్నిధిలో మాట ఇచ్చాడు. ఇల్లు చేరిన తరువాత ఆ మాట తప్పాడు. మాట ఇచ్చినప్పుడు విన్న మనిషి మరొకడు లేడు. మేనల్లుడు స్వామినే శరణు వేడగా, ఆయన కదలివచ్చి సాక్ష్యం పలికాడని స్థలపురాణం.

ఈ కథను నేను నలభై సంవత్సరాలుగా చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ స్వామి భక్తసులభత్వాన్నే వర్ణించాను. గడచిన సంవత్సరం నా మనుమరాలు ఈ కథ విని, "తాతగారూ! ఆ పెళ్ళికూతురిని ఎవరైనా అడిగారా?" అన్నది.

నాకు సమాధానం తోచలేదు. ఆ అమ్మాయి అప్పటికి న్యాయశాస్త్రంలో చేరి మూడు నెలలు. ఆ మొదటి సంవత్సరం చదువు మా ఇంట్లో ఏమేమి కదిలించినదో ఈరోజు మీకు విన్నవించుకొంటాను. ఇందులో నా తప్పు ఒకటి ఉన్నది. దానిని దాచకుండా చెప్పడానికే ఈ ప్రసంగానికి ఒప్పుకొన్నాను.

మేము చిలకలూరిపేటలో ఉంటాము. అమ్మాయి డిగ్రీ పూర్తిచేసి, ప్రవేశపరీక్ష వ్రాసి, గుంటూరులోని ఒక కళాశాలలో మూడేళ్ళ న్యాయవిద్యలో చేరింది. ఉదయం తెల్లచొక్కా, నల్లని ప్యాంటు వేసుకొని, వీపున పుస్తకాల సంచితో బస్సెక్కుతుంది. దారికి రెండు ప్రక్కలా కార్తీకంలో ప్రత్తి తీసే కూలీలు, మాఘఫాల్గుణాలలో కల్లాలలో ఎండుతున్న మిరపకాయలు. గుంటూరు మిరపయార్డుకు బస్తాలు తోలే లారీల వెనుక తుమ్ముకొంటూ వెళ్ళి, సాయంకాలం మళ్ళీ తుమ్ముకొంటూ వస్తుంది. తరగతిలో ఆమె ప్రక్క బల్ల మీద కూర్చునేది ఉద్యోగవిరమణ చేసిన ఒక గుమాస్తా. వెనుక బల్ల మీద ఇద్దరు పిల్లల తల్లి. విద్యకు వయోనియమం లేదని మన పెద్దలు చెప్పిన మాట అక్కడ నిజంగా కనబడుతున్నదట.

మొదటి సంవత్సరంలో ఒప్పందాల చట్టం, కుటుంబ చట్టం, రాజ్యాంగం, అపకృత్యాల చట్టం, పర్యావరణ చట్టం. పదవ తరగతి వరకు తెలుగులో చదివిన పిల్ల కావడంవల్ల మొదటి నెలలు చాలా కష్టపడింది. ఇంగ్లీషు రాక కాదు, వచ్చిన ఇంగ్లీషు అక్కడ పనిచేయక. 'కన్సిడరేషన్' అంటే ఆదరమో ఆలోచనో అనుకొన్నది. ఒప్పందాల చట్టంలో దానికి అర్థం ప్రతిఫలం. "తెలిసిన మాటలే తెలియకుండా పోతున్నాయి తాతగారూ" అని ఒకనాటి రాత్రి కన్నీరు పెట్టుకొన్నది.

నేను ఆమెకు నా బాల్యం చెప్పాను. 'గుణము' అంటే మంచితనమని తెలిసిన పిల్లవాడు వ్యాకరణంలోకి వెళితే గుణమంటే అ, ఏ, ఓ అనే మూడక్షరాలు. 'వృద్ధి' అంటే పెరుగుదల కాదు, ఆ, ఐ, ఔ. ప్రతి శాస్త్రమూ లోకంలోని మాటను తీసుకొని తన పనికి తగినట్లు చెక్కుకొంటుంది. దానికి పరిభాష అని పేరు. పరిభాష వంటబట్టేదాకా శాస్త్రం గోడలా నిలబడుతుంది, వంటబట్టిన తరువాత అదే గోడకు తలుపు కనబడుతుంది. ఆ రాత్రినుండి అమ్మాయి ఒక నోటుపుస్తకంలో ఒకవైపు లోకార్థం, మరొకవైపు శాస్త్రార్థం వ్రాసుకోవడం మొదలుపెట్టింది.

భోజనాల వేళ వ్యాజ్యాల కథలు వచ్చేవి. 1913లో అలహాబాదు హైకోర్టు ఒక తీర్పు చెప్పింది. తప్పిపోయిన పిల్లవానిని వెదకడానికి యజమాని తన గుమాస్తాను పంపాడు. గుమాస్తా వెళ్ళిన తరువాత, పిల్లవానిని కనుగొన్నవారికి 501 రూపాయల బహుమానం ఇస్తానని ప్రకటించాడు. గుమాస్తాకు ఆ ప్రకటన సంగతి తెలియదు. పిల్లవానిని కనిపెట్టాడు. తరువాత తెలిసి బహుమానం అడిగాడు. ప్రకటన తెలియనివాడు దానికి అంగీకారం తెలిపినట్లు ఎలా అవుతుంది? కనుక ఒప్పందం లేదన్నది న్యాయస్థానం.

నా ధర్మపత్ని కంచంలో మజ్జిగ పోస్తూ, "బిడ్డను వెదకి తెచ్చినవానికి డబ్బు ఇవ్వరా? అదేమి న్యాయమే?" అన్నది. "నాకూ అలాగే అనిపించింది నాయనమ్మా! కాని ముందు తీర్పు ఎందుకలా వచ్చినదో వ్రాయాలి. నా అభిప్రాయం తరువాత" అన్నది అమ్మాయి.

నేను ఆమె పుస్తకం తెప్పించి చూశాను. ప్రతి వ్యాజ్యానికి మొదట జరిగిన సంగతి, తరువాత తేల్చవలసిన ప్రశ్న, ఉభయుల వాదాలు, చివర నిర్ణయం, దానికి కారణం. నాకు ఆనందం కలిగింది. మీమాంసాశాస్త్రంలో అధికరణానికి ఐదు అంగాలు: విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము, సంగతి. మా గురువుగారు పూర్వపక్షాన్ని బలహీనంగా చెప్పిన విద్యార్థిని కూర్చోబెట్టేవారు. ఓడిపోబోయే వాదాన్ని కూడా దాని పూర్తి బలంతో చెప్పినవానికే సిద్ధాంతం చెప్పే అర్హత ఉన్నదనేవారు. మా మనుమరాలికి వారి అధ్యాపకురాలు చెప్పేదీ అదేనట. రెండవ పక్షం వినకుండా తీర్పు చెప్పరాదనే అర్థంలో ఒక లాటిన్ సూత్రాన్ని వారిచేత వల్లె వేయించారు.

మరొక సంగతి. న్యాయశాస్త్రంలో చేరిన మరునాటినుండే లోకం ఆ పిల్లను 'లాయరమ్మా' అని పిలవడం ప్రారంభించింది. బస్సులో ఒక కౌలురైతు ప్రక్కన కూర్చొని, "అమ్మా! మిరపవిత్తనం మొలవలేదు. కొట్టువాడు నాకేమి సంబంధం అంటున్నాడు. ఏం చేయాలి?" అని అడిగాడు. ఈమెకు తెలియదు. తెలిసినట్లు నటించలేదు. "నేను మొదటి సంవత్సరమే చదువుతున్నానండీ. కనుక్కొని చెబుతాను" అన్నది. అధ్యాపకురాలిని అడిగి తెలుసుకొన్నది. విత్తనాలు కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, వినియోగదారుల న్యాయస్థానానికి వెళ్ళవచ్చునని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. ఆ వ్యాజ్యాలు వేసినవారు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులే. మూడవనాడు అదే బస్సులో ఆ రైతుకు ఈ సంగతి చెప్పి, రశీదు, విత్తనపు సంచి పారవేయవద్దని చెప్పింది. తెలియదని ఒప్పుకోవడం, తెలుసుకొని తిరిగివచ్చి చెప్పడం. ఈ రెండూ విద్యార్థి లక్షణాలు.

ఇక నా సంగతి.

కుటుంబ చట్టం పాఠాలు మొదలయ్యాయి. ఒకనాడు అమ్మాయి, "తాతగారూ! మితాక్షర అంటే ఏమిటి?" అని అడిగింది. నాకు కలిగిన సంతోషం ఏమని చెప్పను? యాజ్ఞవల్క్యస్మృతికి కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు వ్రాసిన వ్యాఖ్యానం మితాక్షర. పదమూడవ శతాబ్దంలోనే కేతన మహాకవి దానిని విజ్ఞానేశ్వరీయమనే పేరుతో తెలుగు పద్యాలలో చెప్పాడు. బెంగాలు ప్రాంతంలో జీమూతవాహనుని దాయభాగం ప్రమాణం. మన దేశంలో మిగిలిన చాలా భాగంలో మితాక్షరే ప్రమాణం. ఇవన్నీ గంటసేపు చెప్పాను. 'సపిండుడు' అనే మాట దగ్గర మరింత ఉత్సాహంగా చెప్పాను. దాయభాగంలో పిండమంటే శ్రాద్ధంలో పెట్టే అన్నపుముద్ద. మితాక్షరలో పిండమంటే దేహం. తండ్రి దేహంలోని అంశ బిడ్డలో ఉన్నది కనుక వారు సపిండులు. విజ్ఞానేశ్వరుని దృష్టి ఎంత గొప్పదో చూడమన్నాను.

అమ్మాయి వ్రాసుకొన్నది. కలం ఆపి, "అయితే ఒంగోలు మామ్మగారు కూడా ముత్తాతగారి దేహమే కదా! మన పర్చూరు పొలంలో ఆవిడ భాగం ఏమైంది?" అన్నది.

ఒంగోలు మామ్మ అంటే నా చెల్లెలు. పర్చూరు దగ్గర మాకు నాలుగు ఎకరాల నల్లరేగడి ఉన్నది. మా తల్లి ముందే పోయింది. 1988లో మా తండ్రిగారు కాలం చేశారు. 1956నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ పొలంలో తండ్రిగారి సగాన్ని నేను, నా చెల్లెలు సమానంగా పంచుకోవాలి. అంటే ఆమెకు ఒక ఎకరం. లెక్క వేసి చూపినది మా మనుమరాలే. మన రాష్ట్రం ఆడపిల్లలకు పుట్టుకతోనే హక్కునిస్తూ 1986లో చేసిన సవరణ అప్పటికే వివాహమైనవారికి వర్తించలేదు. 1956నాటి చట్టం ఇచ్చిన ఈ భాగం మాత్రం అప్పుడూ ఆమెదే.

ఆ సంవత్సరం ప్రత్తి పోయింది. అప్పులున్నాయి. తండ్రిగారి వైద్యానికి నేనే ఖర్చు పెట్టాననే భావం ఉన్నది. చెల్లెలిని పిలిపించి, హక్కు విడుదల పత్రం మీద సంతకం చేయించాను. "ఇది ఎందుకన్నయ్యా?" అని అడిగింది. "రికార్డులలో పేరు మార్చుకోవడానికమ్మా" అన్నాను. పత్రాన్ని ఎవరూ చదివి వినిపించలేదు. చీర, పసుపు, కుంకుమ పెట్టి పంపాను. ఆ సాయంత్రమే ఒక ఇంట్లో పురాణం చెప్పాను కూడా.

మనుమరాలి ముందు ఇదంతా చెప్పవలసివచ్చింది. ఆమె నన్ను నిందించలేదు. ఒప్పందాల చట్టం తీసి చూపింది. ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో గ్రహించి ఒప్పుకొంటేనే సమ్మతి. బలవంతంవల్ల గాని, పెద్దరికపు ఒత్తిడివల్ల గాని, మోసంవల్ల గాని, తప్పుడు మాటవల్ల గాని, పొరపాటువల్ల గాని వచ్చినది స్వేచ్ఛాసమ్మతి కాదు. "కాని తాతగారూ, ఇన్నేళ్ళ తరువాత న్యాయస్థానానికి వెళ్ళినా నిలవదు. గడువు దాటిపోయింది" అన్నది. ఆ మాట నాకు ఊరట ఇవ్వవలసినది. ఇవ్వలేదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. ధర్మశాస్త్రం చదివినవానిని నేను. నాకు తెలియక చేసిన పని కాదు అది.

వారం తరువాత ఇద్దరమూ ఒంగోలు వెళ్ళాము. చెల్లెలికి డెబ్బై దాటాయి. ఉన్నదున్నట్లు చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాకు ఆరోజే తెలుసన్నయ్యా. పుట్టింటి గడప తొక్కే దారి మిగలాలని సంతకం పెట్టాను" అన్నది.

ఆమెకు తెలియదని, నేను మోసగించానని ఇన్నాళ్ళూ అనుకొన్నాను. ఆమెకు తెలిసి కూడా కాదనలేని స్థితిలో ఉన్నదన్న సంగతి నాకు తోచనేలేదు. ఏ పూర్వపక్షాన్ని పూర్తి బలంతో చెప్పాలని నా గురువుగారు నేర్పారో, ఆ పక్షాన్ని నా ఇంట్లోనే నేను వినలేదు.

ఒక ఎకరం ఆమె పేర వ్రాసి ఇస్తానన్నాను. వద్దన్నది. నేను బ్రతిమాలబోతుంటే మనుమరాలు నన్ను ఆపింది. "మామ్మగారూ! వద్దంటే నిజంగా వద్దనా, తాతగారు బాధపడతారనా? ఈరోజే చెప్పనక్కరలేదు. మీరు ఏది చెప్పినా మా రాకపోకలు మారవు" అన్నది. పది రోజులకు చెల్లెలు ఫోను చేసి, "తీసుకొంటానన్నయ్యా. కాని ఈసారి పత్రం నాకు చదివి వినిపించాలి" అన్నది.

పిత్రార్జితం కనుక నా కుమారుని సమ్మతి కూడా కావాలని అమ్మాయే గుర్తుచేసింది. వాడు సంతోషంగా సంతకం చేశాడు. రిజిస్ట్రారు కార్యాలయపు వరండాలో, బల్ల మీద చెల్లెలిని కూర్చోబెట్టి, మనుమరాలు ఆ పత్రాన్ని మొదటినుండి చివరివరకు తెలుగులో చదివింది. నాలుగు హద్దులూ చదివింది. చెల్లెలు రెండు చోట్ల ఆపి, అర్థం అడిగి తెలుసుకొన్నది. తూర్పు హద్దులో మా తండ్రిగారు నాటిన వేపచెట్టు ఇంకా ఉన్నదా అని అడిగింది. ఉన్నదన్నాను. అప్పుడు సంతకం చేసింది.

మహాశయులారా! మీ ఇళ్ళలో కూడా ఇటువంటి పాత పత్రాలు బీరువాలలో ఉండవచ్చు. వాటిమీద మీ అక్కచెల్లెళ్ళ సంతకాలు ఉండవచ్చు. ఆ సంతకాలు చెల్లుతాయా లేదా అనేది న్యాయవాదులు చెబుతారు. ఆనాడు ఆమెకు చదివి వినిపించారా, కాదనే వీలు ఆమెకు ఉన్నదా అనే రెండు ప్రశ్నలకు మాత్రం సమాధానం మీకు తెలుసు, మీతోపాటు స్వామికి తెలుసు. పొన్నూరులో ఆయన పేరే సాక్షి.

పెళ్ళికూతురిని ఎవరైనా అడిగారా అన్న ప్రశ్నకు నాకు ఇప్పటికీ సమాధానం దొరకలేదు. కాని ఈ మధ్య ఆ కథ చెప్పేటప్పుడు ఆ ప్రశ్నను కూడా కలిపి చెబుతున్నాను.

మా అమ్మాయికి మొదటి సంవత్సరం పరీక్షలు వచ్చే నెలలో. మీ ఆశీస్సులు కోరుతున్నాను.

స్వస్తి.